కిట్‌కు దొరకని మత్తు, కాళ్లలో తేలే తిమ్మిరి

కాళ్ల తిమ్మిర్లని న్యూరాలజీ ఓపీకి వచ్చినవాళ్లను డాక్టర్లు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. 'నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారుతున్నట్టు తెలుస్తోందా, తెలియకుండానే పోతోందా?' జారుతోందని తెలిసి కూడా పట్టి ఉంచలేకపోతున్నాడంటే పాదంలో బలం తగ్గింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూసుకుంటేగానీ చెప్పు లేదన్న సంగతి తెలియడం లేదంటే స్పర్శ పోయింది. ఈ రెండో జవాబు మామూలుగా షుగరు ముదిరిన పెద్దవాళ్ల నోట వస్తుంది. ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ కుర్రాడి నోట వస్తే? షుగరు లేదు, మందు అలవాటు లేదు, నడుముకు దెబ్బ తగల్లేదు. అలాంటి కుర్రాడిని లండన్‌లో, సిడ్నీలో, ఆమ్‌స్టర్‌డామ్‌లో డాక్టర్లు ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నారు. 'బెలూన్లో గ్యాస్ ఏమైనా పీలుస్తున్నావా?' ఆ ప్రశ్న ఆసుపత్రుల పేటలైన విజయవాడ సూర్యారావుపేటకూ, గుంటూరు కొత్తపేటకూ అవసరమే.

ఆ గ్యాస్ నైట్రస్ ఆక్సైడ్. ఇంటర్ కెమిస్ట్రీలో నైట్రోజన్ ఆక్సైడ్ల పట్టికలో కనబడుతుంది. పక్కన 'లాఫింగ్ గ్యాస్' అని రాసుకుని, బట్టీపట్టి, పరీక్ష అవగానే మరిచిపోతారు. ఆపరేషన్ థియేటర్లో నీలం సిలిండర్లో ఉండే మత్తు గ్యాస్ ఇదే. కాఫీ షాపులో క్రీమును నురగలా చిమ్మే ఉక్కు గొట్టంలోదీ ఇదే. రేసు కార్ల ఇంజిన్‌కు అదనపు ఊపు ఇచ్చేదీ ఇదే. యూరియా చల్లిన చేలల్లోంచి కొద్దికొద్దిగా గాలిలో కలిసేదీ ఇదే కాబట్టి, కృష్ణా డెల్టాకు మరీ పరాయి వాయువేమీ కాదు. బ్రిటన్‌లో హంఫ్రీ డేవీ 1799లో దీన్ని తాను పీల్చి, స్నేహితుల చేత పీల్పించి, మరుసటి ఏడాది అచ్చువేసిన పుస్తకంలో దీనికి నొప్పిని పోగొట్టే గుణం ఉన్నట్టుందని, ఆపరేషన్లకు పనికిరావచ్చని రాశాడు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 1844లో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు ఓ వినోద ప్రదర్శనకు వెళ్లాడు. గ్యాస్ పీల్చిన మనిషి కాలికి దెబ్బ తగిలినా గుర్తించకపోవడం చూసి, మర్నాడే అదే గ్యాస్‌తో తన పన్ను పీకించుకున్నాడు. అప్పటిదాకా, అంటే నలభై నాలుగేళ్ల పాటు, అది తమాషాగానే తిరిగింది. కాబట్టి కుర్రాళ్లు ఆసుపత్రి మందును ఆటవస్తువు చేసుకున్నారనడం సరికాదు. ఆటే ముందు పుట్టింది, వైద్యం తర్వాత వచ్చింది.

ఇప్పటి ఆటవస్తువు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చూపుడు వేలంత పొడవు, వెండి మెరుపు, ఒక కొసన సన్నటి మెడ. లోపల 8 గ్రాముల గ్యాస్ ఒత్తిడికి ద్రవంగా మారి ఉంటుంది. డబ్బా మీద కేకు బొమ్మో క్రీము బొమ్మో ఉంటుంది, 'పీల్చరాదు' అన్న మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమెరికాలో దీన్ని విప్పెట్ అంటారు, ఆస్ట్రేలియాలో నాంగ్ అంటారు, బ్రిటన్‌లో నాస్ అనో బెలూన్ అనో పిలుస్తారు. కొన్నేళ్లుగా ఆ దేశాల మార్కెట్‌కు అరకిలో పైబడి గ్యాస్ పట్టే పెద్ద సిలిండర్లు వచ్చాయి. ఒక్కోటి డెబ్బై ఎనభై చిన్న గొట్టాల పెట్టు. వాటిలో కొన్నింటికి స్ట్రాబెర్రీ, మామిడి వాసనలు కూడా కలిపారు. క్రీము కొట్టుకునే గ్యాస్‌కు పండ్ల వాసన ఎందుకో అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. ఈ గ్యాస్‌తో వచ్చే నరాల జబ్బులు అక్కడ పెరగడానికి ఈ సైజు ఒక ముఖ్య కారణం. చిన్న గొట్టంతో ఆగి ఆగి పీల్చాలి, అంతలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. పెద్ద సిలిండర్ ఆ వ్యవధి ఇవ్వదు.

పీల్చిన కొన్ని క్షణాల్లో తల తేలిపోతుంది, శబ్దాలు దూరం నుంచి వస్తున్నట్టు ఉంటాయి, కారణం లేకుండా నవ్వొస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. నోట వాసన ఉండదు, కళ్లు ఎర్రబడవు, ఇంటికెళ్లి అమ్మతో మామూలుగా మాట్లాడొచ్చు. 'ఇందులో ఏముంది' అన్న ధీమా అక్కడే పుడుతుంది, రెండు నిమిషాలే కాబట్టి మళ్లీ కావాలనిపించడమూ అక్కడే మొదలవుతుంది.

ఆసుపత్రిలో దీన్ని ఒంటరిగా ఇవ్వరు. ఎప్పుడూ ఆక్సిజన్ తోడుంటుంది. పురిటి నొప్పులకు ఇచ్చే మిశ్రమంలో రెండూ సగం సగం. ఆక్సిజన్ తగ్గితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు మత్తు మెషీన్‌లోనే ఉంటుంది. హాస్టల్ గదిలో అలాంటి కాపలా లేదు. పీల్చిన ఆ కాసేపూ ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది గ్యాస్ ఒక్కటే. నిలబడి పీల్చినవాడు మొదలు నరికిన చెట్టులా పడతాడు. మూసిన కారులోనో, ముఖానికి ఏదైనా తగిలించుకునో పీల్చినవాడు ఇక లేవకపోవచ్చు. నేరుగా గొట్టం నుంచి వచ్చే గ్యాస్ చలికి పెదవులు, గొంతు కాలినట్టు పొక్కిపోతాయి. ఇంగ్లండ్, వేల్స్ అధికారిక లెక్కల్లో 2001 నుంచి 2020 దాకా ఈ గ్యాస్‌తో ముడిపడ్డ మరణాలు 56. ఇరవై ఏళ్లకు అది చిన్న సంఖ్యే. చావు భయం చూపించే ప్రచారం కుర్రాళ్లకు ఎక్కకపోవడానికి ఒక కారణం కూడా అదే. వాళ్ల స్నేహితుల్లో ఎవరూ చచ్చిపోలేదు. అసలు నష్టం ఇంకో దారిలో, నెమ్మదిగా వస్తుంది.

బీ12 విటమిన్ అణువు నడిమధ్యలో ఒక కోబాల్ట్ పరమాణువు ఉంటుంది. నైట్రస్ ఆక్సైడ్ తగిలితే ఆ కోబాల్ట్ తుప్పు పట్టినట్టు అయిపోతుంది. అంటే విటమిన్ ఒంట్లోనే ఉంటుంది, పని మాత్రం చేయదు. దాని మీద ఆధారపడి నడిచే మెథియొనిన్ సింథేజ్ అనే ఎంజైమ్ ఆగిపోతుంది. నరాల మీద ఉండే మైలిన్ పొర, కరెంటు వైరుకు ప్లాస్టిక్ తొడుగు లాంటిది, నిలవాలంటే ఆ ఎంజైమ్ తిరుగుతూ ఉండాలి. ముందుగా దెబ్బతినేది వెన్నుపాము వెనక భాగం. పాదం ఎక్కడుంది, నేల మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్న కబురు మెదడుకు మోసుకెళ్లే తీగలు అక్కడుంటాయి. ఇది కుర్రాళ్లతో బయటపడిన సంగతి కూడా కాదు. 1978లో అమెరికా న్యూరాలజిస్టు రాబర్ట్ లేజర్ ఇలాంటి 15 మందిని వర్ణిస్తే, వాళ్లలో 14 మంది పళ్ల డాక్టర్లే.

ఆ నష్టాన్ని పట్టుకోవడానికి మొదట కావలసింది ఒక ట్యూనింగ్ ఫోర్క్, కాస్త ఓపిక. ఫోర్కును మోగించి చీలమండ ఎముక మీద ఆనిస్తే మామూలు మనిషికి జుమ్మని తెలుస్తుంది. ఈ కుర్రాడికి చల్లటి ఇనుము తగిలిందనే తెలుస్తుంది, కదలిక తెలియదు. మోకాలి దగ్గరా తెలియదు, పైకి వెళ్లాక ఎక్కడో తెలుస్తుంది. పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకుని నిలబడమంటే ఊగి, పడబోతాడు, ఎందుకంటే అన్నాళ్లూ కళ్లతో నేలను చూసుకుంటూ నిలబడ్డాడు. హాస్టల్లో తల రుద్దుకుంటూ సబ్బు నురగకు కళ్లు మూసుకున్నప్పుడు గోడ పట్టుకోవాల్సి రావడం, రాత్రి కరెంటు పోతే మెట్లు దిగలేకపోవడం, మెడ వంచితే వెన్ను వెంట షాక్ కొట్టినట్టు ఉండడం, ఇవన్నీ ఆ జబ్బు మాటలే. ఇంట్లోవాళ్లకు అవి జబ్బుగా వినిపించవు. 'ఫోన్ చూస్తూ నడుస్తాడు, తగులుకోక ఏం చేస్తాడు' అని తిట్టి ఊరుకుంటారు.

బ్రిటన్‌కో డచ్ దేశానికో లేని చిక్కు ఒకటి ఇక్కడుంది. బీ12 మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, వీటి ద్వారానే రావాలి. దేశంలో బీ12 తక్కువ ఉన్నవాళ్లు చాలా మంది. శాకాహార ఇళ్ల సంగతి తెలిసిందే. మాంసం తింటామనే ఇళ్లలోనూ అది ఆదివారం పూట మాటే, మిగతా ఆరు రోజులు హాస్టల్ సాంబారు, నీళ్ల మజ్జిగ. గ్యాస్ట్రిక్ ట్రబులని నెలల తరబడి వేసుకునే మాత్రలు కూడా బీ12ను దించుతాయి. నిల్వ నిండుగా ఉన్న మనిషికి తిండి లోపం నరాల దాకా పాకడానికి ఏళ్లు పడుతుంది, కాలేయం అంత దాచిపెట్టుకుంటుంది. అడుగంటిన నిల్వ మీద ఈ గ్యాస్ పడితే వారాలు చాలు. లండన్ కుర్రాడికి ఫలానా మోతాదులో ఏమీ కాలేదంటే గుంటూరు కుర్రాడికీ కాదని ఎవరూ భరోసా ఇవ్వలేరు.

ఇంకో చిక్కు మన వీధి వైద్యం తెచ్చిపెట్టింది. తిమ్మిర్లంటే 'నరాల వీక్‌నెస్', నరాల వీక్‌నెస్ అంటే ఆర్‌ఎంపీ దగ్గర బలానికి సూది. ఆ సూదిలో ఉండేది చాలాసార్లు బీ12తో కలిపిన బి విటమిన్లే. నాలుగు రోజులు బాగుంటుంది, తిమ్మిరి మళ్లీ వస్తుంది, మళ్లీ సూది. చివరికి పెద్దాసుపత్రికి వచ్చి రక్తపరీక్ష చేయిస్తే బీ12 నిండుగా కనిపిస్తుంది. సూది వేయించుకోకపోయినా ఈ గ్యాస్ పీల్చేవాళ్లలో ఆ అంకె మామూలుగానే ఉండొచ్చు, ఎందుకంటే చెడిన విటమిన్‌నూ యంత్రం విటమిన్‌గానే లెక్కపెడుతుంది. ల్యాబ్ కాగితంలో నార్మల్ అని చూసి 'పరీక్షల టెన్షన్' అని పంపేస్తే అక్కడితో దారి తప్పినట్టే. బీ12 పని చేయకపోతే రక్తంలో పేరుకునే హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ యాసిడ్‌ల పరీక్షలు అసలు సంగతి చెబుతాయి. మెడ భాగం ఎంఆర్‌ఐలో వెన్నుపాము వెనకవైపు తలకిందులైన వీ అక్షరంలా తెల్లటి మచ్చ కనిపించొచ్చు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే రాసి బీ12ను వదిలేస్తే నరాలు ఇంకా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇక పీల్చేవాళ్లలో చెలామణీలో ఉన్న నమ్మకం ఒకటుంది, బీ12 మాత్ర వేసుకుని పీల్చుకోవచ్చని. ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కుండకు చిల్లు పెట్టడం అది.

చట్టం సంగతికొస్తే ఈ గ్యాస్ నాలుగు ఇళ్ల చుట్టం, ఏ ఇంటికీ బాధ్యత లేదు. వైద్యానికి వాడే గ్యాస్ మందుల చట్టం కిందికి వస్తుంది. క్రీముకు వాడేది ఆహార సంకలితం, అంతర్జాతీయ పట్టికలో దాని నంబరు 942. సిలిండర్లను గ్యాస్ సిలిండర్ల నిబంధనలు చూస్తాయి, కానీ అవి అర లీటరు దాటిన సిలిండర్లకే. వేలంత గొట్టంలో పట్టేది పది మిల్లీలీటర్లు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) జాబితాలో ఈ గ్యాస్ లేదు, అంతర్జాతీయ మాదకద్రవ్య ఒప్పందాల్లోనూ లేదు. జాబితాలో చేర్చడం అసాధ్యమేమీ కాదు, ఇలాంటిదే మరో మత్తుమందు కెటమిన్‌ను 2011లో చేర్చారు. చేర్చమని అడగడం తేలిక. చేర్చాక ఏమవుతుందో చూస్తే అంత తేలిగ్గా అనిపించదు. తిమ్మిరితో ఓపీలో కూర్చున్న కుర్రాడు నిజం చెబితే కేసవుతుందేమోనని నోరు మూసుకుంటాడు. వాడు నోరు విప్పడం తప్ప ఈ జబ్బును పట్టుకునే దగ్గరి దారి ఇంకోటి లేదు.

ఎందుకంటే మూత్రపరీక్ష కిట్లు పనికిరావు. గంజాయి ఒంట్లో రోజుల తరబడి ఆనవాళ్లు వదులుతుంది, కాబట్టి కిట్‌కు దొరుకుతుంది. నైట్రస్ ఆక్సైడ్ వచ్చిన దారినే, ఊపిరితోనే, నిమిషాల్లో వెళ్లిపోతుంది. 2024 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మత్తుమందుల కట్టడికి ఏర్పాటైన ఈగల్ పోలీసు విభాగం గురి ప్రధానంగా గంజాయి మీదే, ఏజెన్సీ నుంచి కిందికి దిగే సరుకును చూస్తే ఆ ప్రాధాన్యం తప్పనలేం. 'డ్రగ్స్ వద్దు బ్రో' ప్రచారం కాలేజీల దాకా వెళ్లింది. అయితే 'డ్రగ్స్' అనగానే కుర్రాడి మనసులో మెదిలేది గంజాయి పొట్లం, సిరంజి, తెల్ల పొడి. ఆన్‌లైన్లో వంట సామాను విభాగంలో కొన్న డబ్బా ఆ బొమ్మలో ఇమడదు. ఆ 'బ్రో' తానేనని వాడు అనుకోడు.

పీల్చే మత్తులు పిల్లలను ముందు పట్టుకుంటాయన్నది పాత పాఠమే. సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన, 2019లో వెలువడిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ల కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు పదార్థాల రకం ఒకే ఒక్కటి, పీల్చేవి. పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. ఆ లెక్క ప్రధానంగా పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్, థిన్నర్లది. రైల్వే స్టేషన్ల చుట్టూ తిరిగే పిల్లల చేతుల్లో సొల్యూషన్ తడిపిన గుడ్డ చూడని నగరం లేదు. చూసి తల తిప్పుకోవడమూ మామూలే. క్రీము గొట్టం ఫీజులు కట్టగల ఇళ్ల పిల్లల చేతికి వస్తుంది, కాబట్టి దీని మీద వ్యాసాలు వస్తాయి. ఆ తేడా సంగతి అలా ఉంచితే, వైట్‌నర్ విషయంలో కేంద్రం 2012లో చేసిన పని గుర్తుంచుకోదగ్గది. పీల్చిన పిల్లలను నేరస్తులు చేయలేదు, సీసాలో అమ్మడాన్ని ఆపి పెన్ను రూపంలోకి మార్చింది. వస్తువు రూపం మారిస్తే వాడకం ఎంతో కొంత మారుతుంది.

బ్రిటన్ దీనికి ఎదురు దారిలో వెళ్లింది. 2023 నవంబర్ 8 నుంచి నైట్రస్ ఆక్సైడ్‌ను క్లాస్ సి డ్రగ్, అంటే అక్కడి నిషిద్ధ మత్తుమందుల్లో మూడో తరగతి, చేసింది. మత్తు కోసం దగ్గర పెట్టుకుంటే రెండేళ్ల దాకా, అమ్మితే పద్నాలుగేళ్ల దాకా జైలు. అదే ఏడాది మార్చిలో ప్రభుత్వ సలహా మండలి ఆ చట్టం కిందికి తేవద్దనే చెప్పింది, ప్రభుత్వం వినలేదు. అక్కడి సర్వేల్లో 16 నుంచి 24 ఏళ్ల వాళ్లలో ఏడాదిలో ఒక్కసారైనా పీల్చినవాళ్లు 2020 మార్చి నాటికి 8.7 శాతం, 2022 జూన్ నాటికి 3.9 శాతం. అంటే సగానికి పైగా తగ్గుదల నిషేధానికి ముందే వచ్చేసింది. కోవిడ్ తలుపులు మూయించింది కాబట్టి ఆ ఘనత కూడా ఎవరికీ పూర్తిగా కట్టబెట్టలేం. ఫ్రాన్స్ 2021లో మైనర్లకు అమ్మకాన్ని ఆపింది. డచ్ ప్రభుత్వం 2023 జనవరి నుంచి నిషేధం పెట్టింది, అక్కడ వాళ్లను కదిలించినవాటిలో పీల్చి బండి నడిపినవాళ్ల ప్రమాదాలు ముఖ్యమైనవి.

పరాయి దేశాల చట్టాలు మనకెందుకని అనుకోవడానికి లేదు. విజయవాడ, గుంటూరు ఇళ్లకు ఈ గ్యాస్ రాగల రెండు దారుల్లో ఒకటి ఆన్‌లైన్ డబ్బా అయితే, రెండోది విదేశాల్లో ఎంఎస్ చదువు. బెంజి సర్కిల్ కన్సల్టెన్సీలో ఫైలు పెట్టి, బ్యాంకు లోను మీద లండనో మెల్‌బోర్నో వెళ్లిన కుర్రాడికి మొదటి పార్టీలోనే బెలూన్ ఎదురు కావచ్చు. గంజాయి అయితే వద్దనేవాడే ఇది 'జస్ట్ గ్యాస్' అని అందుకుంటాడు. బ్రిటన్‌లో ఇప్పుడది నేరమని, వీసా మీద ఉన్నవాడికి ఆ మచ్చ ఎంత ఖరీదో అని ఐఈఎల్‌టీఎస్ క్లాసుల్లో ఎవరైనా చెప్పాలి కదా. పంపే ముందు ఆవకాయ జాడీ నుంచి ప్రెషర్ కుక్కర్ దాకా అన్నీ సర్దుతారు, బీ12 పరీక్ష మాత్రం చేయించరు.

ఇక్కడ పట్టు దొరికే చోటు అమ్మకమే. మన బేకరీల్లో కేకు మీది క్రీము చాలా మటుకు డబ్బాలో వచ్చే విప్పింగ్ క్రీమును మెషీన్‌లో గిలకొట్టి చేసేది. గ్యాస్ గొట్టం వాడే కాఫీ షాపులు, హోటళ్లు కొద్ది. అంటే నిజమైన గిరాకీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జీఎస్టీ నంబరున్న వ్యాపారానికే అమ్మాలని, పెద్ద సిలిండర్లు, పండ్ల వాసనలవి అసలు వద్దని నియమం పెడితే నష్టపోయే బేకరీ ఏదీ ఉండదు. హాస్టల్ గది చిరునామాకు యాభై గొట్టాల పార్సిల్ వెళ్తుంటే అది కేకు కోసం కాదని ఆన్‌లైన్ సంస్థల లెక్కల్లోనే తెలుస్తుంది. కాలేజీల్లో వార్డెన్ బీరువాలు వెతకడం కన్నా చెత్తబుట్ట చూడడం మేలు. ఖాళీ గొట్టాలు దాచుకోవడానికి ఎవరూ ఉంచుకోరు. పుట్టినరోజు లేకుండా చిరిగిన బెలూన్లు కనబడినా అంతే. దొరికినవాడిని టీసీ ఇచ్చి పంపేస్తే వాడు ఇంకో హాస్టల్లో పీలుస్తాడు. అదే వాడిని చీలమండ మీద ట్యూనింగ్ ఫోర్కు పెట్టే డాక్టరు దగ్గరికి పంపిస్తే, తన కాలే తనకు జవాబివ్వడం లేదని వాడికి అర్థమవుతుంది. ఏ పోస్టరూ అంత పని చేయదు. మాట్లాడాలనుకునేవాళ్లకు మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది, మనసు బాగోకపోతే టెలి మానస్ 14416 ఉంది. అమ్మకం గురించి చెప్పడానికి ఈగల్ నంబరు 1972.

వైద్యం చూస్తే ఖరీదైంది కాదు. గ్యాస్ పూర్తిగా మానాలి, బీ12 ఇంజక్షన్లు మొదట్లో రోజూనో రోజు విడిచి రోజో పడాలి, తర్వాత వారానికో నెలకో. ఫిజియోథెరపీ తప్పదు. పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా, రక్తం తీసిన వెంటనే మొదటి ఇంజక్షన్ ఇచ్చేయమంటారు నిపుణులు. చేతుల తిమ్మిరి ముందు తగ్గుతుంది, పాదాలది ఆలస్యమవుతుంది. కొంతమంది వారాల్లో కోలుకుంటారు. కొంతమందికి ఆర్నెల్లయినా సిటీ బస్సు మెట్టు ఎక్కేటప్పుడు కిందికి చూసుకోవాల్సి వస్తుంది. ఇద్దరికీ తేడా ఎన్ని గొట్టాలు పీల్చారన్నదాంట్లో కొంత, తిమ్మిరి మొదలయ్యాక ఎన్నాళ్లకు ఓపీకి వచ్చి నిజం చెప్పారన్నదాంట్లో చాలా ఉంటుంది.